తిట్టేటప్పుడు అందరం

మా గల్లీ చివర చాయ్ హోటల్ల పొద్దుగాల కొత్తగ సర్కారు నౌకర్లల చేరిన పిల్లగాండ్లు కూసుంటరు. ఒకడు కలెక్టరాఫీసుల క్లర్కు, ఇంకొకడు కరెంటోళ్ల దగ్గర ఉంటడు. మొన్న ఆ క్లర్కు పిల్లగాడు నాతోని అన్నడు, "కాకా, జనం ఉత్తగ తిడ్తరు. టీవీ ముంగట తిడ్తరు, చాయ్ తాగుకుంట తిడ్తరు. ఆఫీసుల కుర్చీ ఏసుకొని మేము కూసుంటే మాత్రం ఒక్కడు వచ్చి నోరిప్పడు."

నేను గూడ ఒకప్పుడు గట్లనే అనేటోన్ని. సర్కారు బస్సు డ్రైవరు నౌకరి చేసినప్పుడు ఒక సంగతి కండ్లతోని చూసిన. అది చూసినంక గట్ల అనుడు తగ్గింది. ఆ సంగతే చెప్తున్న. నేను చెప్తుంటే మా కోడలు రాస్తుంది. మా నాయిన తెలంగాణ నుంచి బల్లార్‌పూర్ బొగ్గుబాయిల పనికొచ్చినోడు. నాకు ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. తెలుగు మాట్లాడుడే గని రాసుడు రాదు. కోడలు మంచిర్యాల పిల్ల. నడుమ నడుమ కలం ఆపి, "మామా, ఈ మాట పుస్తకాలల్ల ఉండదు" అంటది. "ఉండకుంటే నువ్వు పెట్టు" అంటున్న. పేర్లు మాత్రం ఎవరివీ చెప్ప.

దేశంల యాపారమంత ఖుల్లా చేస్తుండ్రు అని రేడియోల చెప్పే రోజులవి. చంద్రపూర్‌ల ఏ సందుల చూసినా ఎస్టీడీ బూత్‌లు లేస్తుండె, రంగు టీవీల దుకాండ్లు తెరుస్తుండె. నన్ను జివతి కొండల తొవ్వకు ఏసిండ్రు. సాయంత్రం డిపోల బయలెల్లాలె, ఘాటంటే మలుపుల కొండరోడ్డు, అదెక్కి పైన ఆఖరి ఊర్ల బస్సు నిలుపాలె, రాత్రి ఆడనే పండి తెల్లారి మళ్ల దిగాలె. దీన్ని ముక్కాం బస్సు అంటరు. పెండ్లాం పిల్లలున్నోడు ఎవడూ ఈ డ్యూటీ కోరుకోడు. నేను గూడ మొదలు ఏడ్చుకుంటనే పోయిన. ఇప్పుడు ఎవరన్న నా నౌకరిల ఒక్క దినం మళ్ల ఇస్తమంటే, గదే తొవ్వల ఒక సాయంత్రం అడుగుత.

ఆ ఊరి కథ వేరే. మహారాష్ట్ర మాదంటది, ఆంధ్ర మాదంటది. ఊర్ల గోండులున్నరు, మరాఠోళ్లున్నరు, అటుదిక్కు నుంచి వచ్చి రాళ్లు ఏరి చేన్లు చేసుకున్న తెలుగోళ్లున్నరు. ఓట్లప్పుడు రెండు దిక్కులా ఓటేస్తరు. రేషను కార్డులు గూడ రెండు.

నా కండక్టరు చంద్రపూర్ కోట దర్వాజ దగ్గరి మరాఠీ మనిషి. పొట్టిగ ఉండె, పాన్ నమలకుండ ఒక్క టికెట్ చింపేటోడు కాదు. ప్యాసింజర్ల దగ్గర్నే తెలుగు నేర్చుకుండు. లెక్కలు మరాఠీల, కొట్లాటలు తెలుగుల. ఇప్పుడు లేడు. రిటైరయినంక ఒకరిండ్లకు ఒకరం పోవాలనుకున్నం. పోకముందే పోయిండు.

బస్సు కదలంగనే జనం సర్కారు మీద పడేటోళ్లు. గుంత వస్తే సర్కారు, వానకు బస్సు కురిస్తే సర్కారు, పత్తికి ధర లేకుంటే సర్కారు. ఒకాయన తన బర్రె సూడి కట్టుత లేదని గూడ సర్కారును తిట్టిండు. మా ప్యాసింజర్లకు ఇంకో సౌలతు ఉండె. వేరేటోళ్లకు తిట్టనీకి ఒక్కటే సర్కారు, వీళ్లకు రెండు. ఒక మలుపుల ముంబైని తిట్టేటోళ్లు, ఇంకో మలుపుల హైదరాబాదును. తిట్లు బాగ ముదిరితే మా కండక్టరు టికెట్ల పెట్టె మీద టకటక కొట్టి, "ఢిల్లీ టికెట్ చింపాల్నా? పోయి చెప్పొస్తవా?" అనేటోడు. "నేను పోతే నా పత్తి ఎవడు ఏరుతడు దాదా?" అని తిట్టేటోడే నవ్వేటోడు. బస్సంత నవ్వేది.

అందరికన్న ఎక్కువ నోరు ఒక ఆడమనిషిది. తెలుగు రైతు కుటుంబం, ముప్పై ఏండ్ల మనిషి. తెల్లారి నా బస్సులనే చిక్కుడుకాయ, పచ్చిమిర్చి, వంకాయల గంపలేసుకొని కొండ కింది బజారుకు దిగేది. పొద్దంత అమ్ముకొని, సాయంత్రం మా బస్సు ఆ బజారు కాడికి రాంగనే ఖాళీ గంపలతోని ఎక్కేది. నన్ను అన్నా అనేది, కండక్టరును దాదా అనేది. ఆమె ఎక్కకుంటే బస్సు సగం ఖాళీగ అనిపించేది.

"ఇద్దరు కొడుకుల తల్లి ఉపాసం పన్నట్టుంది మా బతుకు" అనేది. "వాడు పెట్టిండనుకుంటడు వీడు, వీడు పెట్టిండనుకుంటడు వాడు. నడుమల మా కడుపు కాలుతుంది. ఈ రోడ్డు ఏసినోడు దొరకాలె అన్నా, నా గంప వాని నెత్తిన పెట్టి ఘాటు ఎక్కిస్త. ఏది గుంతనో ఏది రోడ్డో వానికి అప్పుడెర్కైతది."

బస్సుల కిలకిల నవ్వులు. వెనక సీటు నుంచి ఒకరు అందుకునేటోళ్లు, దాని మీద ఇంకొకరు. ఘాటు ఎప్పుడెక్కినమో తెల్వకపోయేది. పైకి పోయినంక ఎవరో ఒకరి ఇంట్ల మాకు జొన్నరొట్టె, పప్పు, ఎల్లిపాయ కారం పెట్టేటోళ్లు. ఆడ గూడ అవే ముచ్చట్లు. తిట్టుకుంట తినేటోళ్లం.

ఒకనాడు డిపోల మా పెద్దసాబు నన్ను, కండక్టరును పిలిచిండు. ఆయన పుణె దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, చెడ్డోడు కాదు. మా ఎండకు ఓర్వలేక మెడల తడి తువ్వాల ఏసుకొని కూసునేటోడు. "పైనుంచి మాట వచ్చింది. నష్టాల తొవ్వలు బంద్ చేయాలె. మీ కొండ బస్సు ఇగ ఘాటు కింది దాకనే" అన్నడు.

"అట్లయితే పైన జనం ఎట్ల సాబ్?" అన్నడు కండక్టరు.

"జీపులు నడుస్తున్నయి గద."

నడుస్తున్నయి. అప్పుడప్పుడే వచ్చినయి. మనుషులు నిండితెనే కదులుతయి, నిండినంక గూడ ఇంకింతమంది ఏలాడితెనే కదులుతయి. గంపలకు జాగ ఇయ్యరు. బీమారోళ్లను ఎక్కిచ్చుకోరు. ఆ సంగతి కండక్టరు చెప్పిండు. సాబు విన్నడు. విని, "నువ్వు చెప్తున్నవు, ఊరు చెప్తలేదు. ఇన్నేండ్లల్ల ఆ ఊరి నుంచి ఒక్క మనిషి ఈ దర్వాజ దాటి రాలే. బస్సు బాగలేదని రాలే, బస్సు గావాలని రాలే. పైనోళ్లకు నేనేమని చెప్పాలె?" అన్నడు.

మా కండక్టరుకు రోషమొచ్చింది. "సాబ్, ఒక్కసారి మా బస్సెక్కి రాండ్రి. మీ చెవులు పగులకపోతే నా పేరు మార్చుకుంట."

సాబు నవ్వి, వస్త అన్నడు. సెలవునాడు వస్తనని, ఆ ఒక్క దినం మా బస్సును పగటీలనే తియ్యుమని, తన జీపు వెనక వస్తదని, దాంట్లనే వాపసు పోతనని చెప్పిండు.

మా వాడు ఆగలే. ఆ సాయంత్రమే బస్సుల నిలబడి చాటింపేసిండు. "డిపో సాబు వస్తుండు. బస్సు బంద్ చేస్తరట. ఆయన ముంగట అందరు మాట్లాడాలె. రోజు మా చెవులు తింటరు గద, ఆ దినం ఆయనవి తినుండ్రి!" బస్సు దద్దరిల్లింది. "రానియ్యి!" "మొత్తం కడిగేస్తం!" "నేనే మొదలు మాట్లాడుత!" మాట్లాడనీకి మొదటి వంతు ఎవరిదని ఇద్దరు కొట్లాడుకుండ్రు గూడ. ఇద్దరం సంబురపడ్డం. సాబు వస్తుండని చెప్పకుండ తీసుకపోతే అయిపోతుండె. చెప్పుడే తప్పయింది. అది మాకు తర్వాత తెలిసింది.

ఆ దినం సాబు ముందు సీట్ల కూసుండు. బస్సు నిండింది. ఘాటు మొదలైంది. వెనకనుంచి ఒక్క మాట లేదు. గుంతల ఎగిరిపడ్డం, కిక్కుమనలే. ఎక్కిన కాడినుంచి దిగిన దాక అందరు బడిపిల్లల లెక్క చేతులు కట్టుకొని కూసుండ్రు. నా ఇంజిన్ల ఎక్కడెక్కడ ఏం మోగుతుందో నాకు ఆ దినమే సాఫ్‌గ వినవడ్డది. కండక్టరు అద్దంల నా దిక్కు చూసిండు. పాన్ నములుడు మర్చిపోయిండు.

ఊర్ల దిగంగనే డప్పులు. బంతిపూల దండ. కొత్త తువ్వాల పరిచిన కుర్చీ. కొబ్బరికాయ. ఎవరింట్ల నుంచో తెచ్చిన కప్పు సాసర్ల చాయ్. ఊరి పెద్దమనిషి లేచి, "సాబు మా ఊరికి వచ్చుడే మా అదృష్టం" అన్నడు. సాబు మంచిగ మాట్లాడిండు. "మీకేమన్న తక్లీఫు ఉందా? బస్సు సంగతి ఏంది? చెప్పుండ్రి" అని మరాఠీల అడిగిండు.

"ఏం లేదు సాబ్. అంత మంచిగనే ఉంది."

కండక్టరు ఉండలేక తెలుగుల, "మంచిగుందా? నిన్న ఏమన్నవ్ కాకా?" అన్నడు. పెద్దమనిషి వినవడనట్టు చాయ్ కప్పు సాబు దగ్గరికి జరిపిండు.

సాబు ఇంకో మాట అడిగిండు. ఆయన మనసుల చెడు లేదు. కొత్త మనిషి, నిజంగ తెల్వకనే అడిగిండు. "నేను పైన చెప్పాలంటే ఒకటి తెల్వాలె. ఈ ఊరు ఎవరిది? మహారాష్ట్రదా, ఆంధ్రదా? మీరు మా జనమేనా?"

డప్పు కొట్టేటోడు గూడ చెయ్యి ఆపిండు. ఒకాయన చెప్పు విప్పి దాంట్ల రాయి ఎతుకుతుండు. ఇంకొకాయన మొఖం పక్కకు తిప్పి చేను దిక్కు చూస్తుండు. మొదటి వంతు కోసం కొట్లాడుకున్న ఇద్దరు ఒకరెనక ఒకరు దాగిండ్రు. సాబు చేతిల కప్పు కింద పెట్టిండు. తువ్వాలతోని మెడ తుడుచుకొని లేవబోయిండు.

"నేను చెప్త."

గంపలామె. గుంపు చివరల నిలబడ్డది. రానీకి జనం జరగలే, తనే భుజం పెట్టి నూకుకుంట ముందుకొచ్చింది. చెంగుతోని మొఖం తుడుచుకుంది. తుడుచుకున్న మొఖాన్నే మళ్ల తుడుచుకుంది. బస్సుల ముంబైని, హైదరాబాదును ఒక్క తీరుగ ఉతికి ఆరేసే మనిషి, పది మంది నడుమల నిలబడితే గట్లయింది.

"నేను ఇటుదిక్కే సాబ్" అన్నది, వచ్చీరాని మరాఠీల. "నాది మహారాష్ట్ర. నాకు బస్సు గావాలె. బస్సు లేకుంటే నా కూరగాయలు కొండమీదనే మురుగుతయి. మా అత్తకు దమ్ము బీమారి, జీపోడు ఎక్కిచ్చుకోడు. బస్సు తీసెయ్యకుండ్రి."

"నువ్వొక్కదానివేనా? ఇంకెవరికీ అక్కర లేదా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరి మొఖం దిక్కు చూస్తే వాళ్లు మొఖం దించుకుండ్రు. సాబు దిక్కు తిరిగి, "మాట్లాడనీకి ఒక్కదాన్నే. ఎక్కనీకి అందరం" అన్నది.

ఎవ్వరు నవ్వలే. సాబు తలకాయ ఊపి జీపెక్కిండు.

ఆ సాయంత్రం పెద్దమనిషి ఇంట్ల మాకు బువ్వ. నేనే అడిగిన, "కాకా, గట్లెందుకు చేసిండ్రు?"

ఆయన రొట్టె తుంచి పప్పుల అద్దుకుండు. "నీకేం తెలుసు బిడ్డా? ఇటోళ్లు బడి ఇచ్చిండ్రు, అటోళ్లు బోరింగు ఏసిండ్రు. ఇటు కార్డు మీద చక్కెర, అటు కార్డు మీద బియ్యం. ఒకాయన వచ్చి మీరు మావోళ్లే అంటడు, ఇంకొకాయన వచ్చి గదే అంటడు. ఇద్దరికీ అవునంటం. మా భూమికి ఏ దిక్కూ పట్టా లేదు. ఒకని ముంగట 'మేము మీవోళ్లం' అని ఒర్రితే రెండోతోనికి వినవడకుంటదా? రేపు అటోడు బోరింగు పీక్కపోతే?" అన్నడు. నా పళ్లెంల ఇంకో రొట్టె ఏసి, "అదీగాక ఇంటికొచ్చిన మనిషిని ఎట్ల తిడ్తం?" అన్నడు.

"మరి బస్సుల?"

"బస్సుల తిట్టుడు వేరే. అది మా ముచ్చట. సర్కారుకు చెప్పుడు కాదు గద."

కండక్టరు గిన్నె పక్కకు పెట్టి లేచిండు. నాకు మాత్రం ఆ ముసలాయన మీద కోపం రాలే. ఆయన చెప్పిన దాంట్ల అబద్ధం లేదు.

బస్సు ఆగలే. ఏం చెప్పిండో, ఎవరికి చెప్పిండో గని సాబు మా తొవ్వను కాపాడిండు. "ఒక ఆడమనిషి అడిగింది, సరిపోతది" అన్నడు మాతోని. ఊరంత సంబురంగ ఎక్కింది. మొదటి మలుపు తిరగకముందే మళ్ల సర్కారును తిట్టుడు షురూ అయింది. గంపలామె మాత్రం నోరిప్పుత లేదు.

కొన్నాళ్లకు తెలిసింది, అటు ఆంధ్ర దిక్కు ఆమె రేషను కార్డు కొట్టేసిండ్రని. నేను మహారాష్ట్రదాన్ని అని ఆమెనే చెప్పింది గద అన్నరట. ఎవరు పోయి చెప్పిండ్రో దేవునికి తెలుసు. బియ్యం బంద్ అయినయి. పెనిమిటి ఆమెతోని మాట్లాడుడు మానేసిండట. ఊర్లోళ్లు, "వంకాయల కోసం ఊరిని ఇటోళ్లకు అప్పజెప్పింది" అన్నరట. బస్సుల ఆమె పక్కన కూసునే ఆడోళ్లు ఒక్కొక్కరు ఎనక సీట్లకు జరిగిండ్రు. ఆమె వచ్చి నా ఎనక ఉన్న సీట్ల కూసునేది. ఘాటు పొడుగూత కిటికీల నుంచి చూసుకుంట ఉండేది.

మా వాడు ఒకనాడు నవ్విద్దామని పోయిండు. "ఏం బాయి, సర్కారును తిట్టుడు బంద్ చేసినవ్? సర్కారుకు బెంగ పట్టుకుంది."

ఆమె నవ్వలే. "తిట్టేటప్పుడు అందరు తోడున్నరు దాదా. అడిగేటప్పుడు ఒక్కదాన్నే అయిన. ఇప్పుడు తిట్టబుద్ధి అయితలేదు."

మా వాడు ఎనక్కి పోయి టికెట్లు చింపుకుండు.

నేను ఆ మాట మీద చానా రోజులు బస్సు నడిపిన. ఆ ఊర్లోళ్లు పిరికోళ్లని, సోమరులని అనుకుంటుంటి. సంగతి గది కాదు. తిట్టుకుంటున్నంత సేపు గోండు, మరాఠీ, తెలుగు అని లేకుండ వాళ్లు ఒక్క ఇంటోళ్ల లెక్క ఉండేటోళ్లు. కొండమీద వాళ్లకున్న సుఖం గదొక్కటే. అడగనీకి ఒక్కడుగు ముందుకేస్తే ఆ గుంపుల నుంచి బయటవడాలె. ఆకలికన్న, గుంతల రోడ్డుకన్న దానికే ఎక్కువ భయపడుతరు మనుషులు. నాకు గూడ ఆ గుంపు అంటేనే పానం. నిజం చెప్పాలంటే ఇప్పుడు నాకు యాదికొచ్చేది ఆ తిట్లే, మనసు కొట్టుకునేది ఆ తిట్ల కోసమే. ఆమె మాట్లాడని రోజులల్ల గదే ఘాటు రెండింతలు పొడుగనిపించింది.

తర్వాత నన్ను బల్లార్‌పూర్ తొవ్వకు మార్చిండ్రు. ఆఖరి దినం ఆమె దిగేటప్పుడు గంపల నుంచి చేతినిండ చిక్కుడుకాయ తీసి నా సీటు పక్కన పెట్టింది. "వదినెకు ఇయ్యి అన్నా" అన్నది. కొన్నేండ్లకు జీపులు ఎక్కువై ఆ బస్సు బంద్ అయింది. ఈసారి ఏ సాబూ పైకి పోయి అడగలే. ఆమె కుటుంబం చేను ఇడిసిపెట్టి పని కోసం ఎక్కడికో దిగిపోయిందని విన్న. ఎక్కడికని అడిగితే ఒకరు బల్లార్‌పూర్ అన్నరు, ఇంకొకరు కాగజ్‌నగర్ అన్నరు. బల్లార్‌పూర్ అంగడికి పోయిన ప్రతిసారి కూరగాయల వరస మొత్తం తిరిగేటోన్ని. మా ఇంటామె, "ఒక్క పావుకిలో వంకాయకు ఇంతసేపా?" అనేది.

రిటైరయినంక ఒక ఎండాకాలం, మా కోడలు పుట్టింటి నుంచి వస్తుంటే తీసుకరానీకి బల్లార్‌పూర్ స్టేషన్‌కు పోయిన. రైలు ఆలస్యం. ఎదురు ప్లాట్‌ఫారం మీద నీళ్ల నల్లా దగ్గర గొడవ. నల్లాల చుక్క నీళ్లు లేవు. కొందరు ఆడోళ్లు ఖాళీ సీసలు పట్టుకొని గుంపుగ నిలబడ్డరు. వాళ్ల నడుమ ఒకామె చేతులూపుకుంట రైల్వేను దులుపుతుంది. జుట్టు తెల్లవడ్డది, మనిషి సన్నమైంది. ఆమెనే. చుట్టున్నోళ్లు పొట్టలు పట్టుకొని నవ్వుతుండ్రు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మళ్ల తిట్టబుద్ధి అయింది మనిషికి.

పిలుద్దామంటే నా గొంతు ఆడికి అందదు. మెట్ల వంతెన దిక్కు నడిచిన. మోకాళ్ల నొప్పి, ఒక్కొక్క మెట్టు పట్టుకొని ఎక్కుతున్న. పైనుంచి చూస్తే ఆమె తిట్టుడు ఆపింది. ఖాళీ సీస చంకల పెట్టుకొని, స్టేషన్ మాస్టరు గది దిక్కు నడుస్తుంది. నాలుగడుగులు ఏసి ఆగి, ఎనక్కి తిరిగి ఆడోళ్ల దిక్కు చూసింది. నేను వంతెన కటకటాలు పట్టుకొని నిలబడ్డ. నాకు కొండమీది ఆ పగలు యాదికొచ్చింది.

ఆడోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకుండ్రు. ఒకామె కొంగు నడుముకు చెక్కి కదిలింది. ఆమె ఎనక ఇంకొకామె. మిగతావాళ్లు ఆడనే నిలబడ్డరు.

అంతల నాగ్‌పూర్ దిక్కు పోయే బండి వచ్చి నడుమల నిలబడ్డది. ఆ బండి పోయి, నేను దిగి అటుదిక్కు చేరేవరకు ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు, అందరు ఆ బండెక్కి పోయినట్టుంది. నల్లా తిప్పి చూసిన. ముందు గాలి వచ్చింది, ఎనక నుంచి సన్నగ నీళ్లు వచ్చినయి. దోసిలి పట్టి తాగిన.